ఓడ జాబితాలో రాయని ఇంటిపేరు

పేరు అప్పల్‌సామి. తండ్రి రాముడు. వయసు 22. జిల్లా విశాఖపట్నం, తాలూకా సర్వసిద్ధి, ఊరు కొత్తపేట. కుడి మోకాలి కింద కాలిన మచ్చ.

నమూనా కోసం రాసిన వరస ఇది. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు కూలీలను మోసుకెళ్లిన ఓడల జాబితాల్లో వరసలు ఇలాగే ఉంటాయి. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ రేవు చేరింది. అప్పటి నుంచి 1911 దాకా 384 ప్రయాణాల్లో 1,52,184 మంది వెళ్లారు. మూడింట రెండొంతుల మంది మద్రాసు రేవులో ఎక్కినవాళ్లే. వాళ్లలో గంజాం, విశాఖపట్నం, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు వేలమంది. ఐదేళ్ల ఒప్పందం మీద చెరకు తోటలకు, రైలు పనికి, బొగ్గు గనులకు పోయారు. మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగుల జీతం, ఆపైన ఏటా ఒక్కో షిల్లింగు పెంపు.

ఆ జాబితా రాయించింది ప్రభుత్వం. కూలీ ఎవరి తోటకు పోయాడో, ఒప్పందం ఎప్పుడు తీరుతుందో, పారిపోతే గుర్తుపట్టడం ఎలాగో దానికి కావాలి. అందుకే ఒంటి మీది మచ్చకు ఒక గడి ఉంది, ఇంటిపేరుకు లేదు. నూటయాభై ఏళ్ల తర్వాత ఆ కూలీ మునిమనవడి మనవరాలు ఆ వరస పట్టుకుని అనకాపల్లి పక్క ఊళ్లో దిగితే రచ్చబండ మీది పెద్దాయన అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. “మీరే ఇంటోళ్లమ్మా?” ఆ అమ్మాయి దగ్గర ఓడ పేరుంది, తారీఖుంది, ఆ పూర్వీకుడి మోకాలి కింది మచ్చ కూడా ఉంది. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం లేదు.

నాయుడూ, రెడ్డీ అని చెబితే చాలదు. నేటాల్‌లో పేరు చివర ఉండే కులం మాటే కుటుంబం పేరైంది. కొన్ని ఇళ్లలో ఓడెక్కిన మనిషి సొంత పేరే తరతరాల పేరైపోయింది. ఈరోజు డర్బన్‌లో అప్పల్‌సామి అన్నది ఒక కుటుంబం పేరంటే, ఒకనాటి అప్పలస్వామి పేరు దస్తావేజుల్లో అలా నిలబడిపోయిందని అర్థం. ఇవేవీ మన ఊళ్లలో మనిషిని గుర్తుపట్టే పేర్లు కావు. తెలుగు కుటుంబాల వెతుకులాట ప్రతిసారీ ఇక్కడికొచ్చి ఆగిపోతోంది. ఆ అడ్డు దాటడానికి దారులున్నాయి. అవి ఓపిక అడుగుతాయి, దాంతోపాటు తెలుగు చెవి అడుగుతాయి.

ముందు పట్టుకోవలసింది నెంబరు. ట్రూరో ఓడ దిగినవాళ్లతో ఒకటి నుంచి మొదలుపెట్టి, వచ్చిన ప్రతి మనిషికీ ఒక నెంబరు ఇచ్చారు. అది లక్షన్నర దాటేదాకా సాగింది. పేరును పదిరకాలుగా రాసినా నెంబరు మారదు. పిల్లల పుట్టుక కాగితాల్లో, పెళ్లి నమోదులో, ఒప్పందం తీరాక ఇచ్చిన విడుదల పత్రంలో అది కనిపిస్తుంది. ఇంట్లో తాతల నాటి ట్రంకుపెట్టె ఉంటే దాని అడుగున మడతపెట్టిన కాగితమే ముందు చూడాలి. నెంబరు తెలిస్తే ఓడ తెలుస్తుంది, ఓడ తెలిస్తే ఏడాది తెలుస్తుంది. 1876-78 నాటి ధాతు కరువో, 1896-97లో గంజాం, విశాఖ, గోదావరి జిల్లాలను కాల్చిన కరువో ఆ మనిషిని రేవు దాకా తరిమి ఉండవచ్చు.

ఆడవాళ్లకూ విడిగా నెంబర్లున్నాయి. ముత్తాత, ముత్తవ్వల నెంబర్లు పక్కపక్కనే ఉంటే ఆ జంట ఇక్కడి నుంచి కలిసి వెళ్లి ఉంటుంది. వేల దూరంలో ఉంటే అక్కడ కలిసి ఉంటారు. వంద మంది మగవాళ్లకు నలభై మంది ఆడవాళ్లు ఉండాలన్న నిబంధన వల్ల ఒంటరిగా వెళ్లిన స్త్రీలు ఎందరో ఉన్నారు. వితంతువులున్నారు, మొగుడు వదిలేసినవాళ్లున్నారు, బిడ్డను చంకనేసుకుని వెళ్లినవాళ్లున్నారు. చాలా ఇళ్లు ముత్తాత కథ చెప్పి ముత్తవ్వ కథ దాటేస్తాయి. నా మటుకు నాకు ఆమె వరసే ముందు వెతకాలనిపిస్తుంది. 1891 నాటి 25వ చట్టం కింద వలస కూలీల పెళ్లిళ్లు నమోదు కావలసి వచ్చింది. ఆ పుస్తకంలో ఆమె పేరు, నెంబరు దొరికితే ఆమె ఊరు వేరుగా తేలుతుంది. అంటే వెతకడానికి రెండో ఊరు దొరికినట్టే. ఆస్తి కొద్దో గొప్పో మిగిల్చి పోయినవాళ్లకైతే మరణ ప్రకటన కాగితం ఉంటుంది. అందులో తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన చోటు అడిగే గడులున్నాయి. చనిపోయిన మనిషి గురించి పిల్లలు చెప్పిన మాటలు కాబట్టి, ఓడ జాబితాలో లేని తల్లి పేరు అక్కడ దొరికే వీలుంది.

పట్టించుకోవలసిన ఇంకో సంగతి పేరే. ఊరి పేరు చెదలు తిన్నా, గుమాస్తా చేతిరాత అర్థం కాకపోయినా మనిషి పేరు దారి చూపిస్తుంది. అప్పలస్వామి, అప్పలనరసమ్మ, సింహాచలం అన్నవి సింహాద్రి అప్పన్న చుట్టుపక్కల ఇళ్లలో పెట్టే పేర్లు. నూకాలు, నూకరాజు అంటే అనకాపల్లి నూకాంబికకు మొక్కుకుని కన్న బిడ్డలు. పైడయ్య, పైడితల్లి అంటే విజయనగరం వైపు. పెంచలయ్య అని ఉంటే నెల్లూరు జిల్లా పెంచలకోన గుర్తుకు రావాలి. మాలకొండయ్య అయితే కందుకూరు పక్క మాలకొండ. బిడ్డకు పేరు పెట్టిన తల్లి తమ ఊరి దేవుడి గుడి ఎటు ఉందో ఆ పేరులోనే చెప్పింది. దొర కచేరీలో ఎవరూ దాన్ని చదవలేదు. మనం చదవగలం. కులం గడిలో ‘గవర’ అని ఉంటే అనకాపల్లి ప్రాంతం మీద అనుమానం ఇంకా గట్టిపడుతుంది. అయితే కులం గడిని పూర్తిగా నమ్మకూడదు. ఓడెక్కే ముందు పేర్లు రాసుకున్న డిపోలో కులం మార్చి చెప్పుకున్నవాళ్లున్నారు. ఊళ్లో పడ్డ అవమానం ఓడ మీదికి కూడా ఎందుకు మోసుకెళ్లాలి?

తర్వాత పాత పటం ముందు పెట్టుకోవాలి. ఇప్పటి పటంలో సర్వసిద్ధి తాలూకా ఉండదు. దాని కచేరీ యలమంచిలిలో ఉండేది. వీరవల్లి తాలూకా అంటే చోడవరం వైపు, గొలుగొండ తాలూకా అంటే నర్సీపట్నం వైపు. మూడూ ఇప్పుడు చాలావరకు అనకాపల్లి జిల్లాలోనివే. జాబితాలో గంజాం అని కనిపించగానే ఒడిశాకు టికెట్ కొనేస్తే దారి తప్పినట్టే. శ్రీకాకుళం, టెక్కలి, ఇచ్ఛాపురం 1936 దాకా గంజాంలోనే ఉన్నాయి. 1904 దాకా ఒంగోలు నెల్లూరు జిల్లా, 1911 దాకా చిత్తూరు ఉత్తర ఆర్కాటు. కొత్తపేటలూ సీతారామపురాలూ ప్రతి తాలూకాలో రెండేసి ఉంటాయి. తాలూకా తేలకుండా ఊరి కోసం తిరగడం డబ్బు దండగ.

ఊరు తేలాక ఇటువైపు కాగితాలు ఏమున్నాయన్నది అసలు కష్టం. మద్రాసు రాజధానిలో జనన మరణాల నమోదు చట్టం 1899లో వచ్చింది. అంతకుముందు పుట్టిన కూలి బిడ్డ పేరు ప్రభుత్వ పుస్తకాల్లో వెతకడం వృథా. విజయనగరం, బొబ్బిలి వంటి జమీందారీల్లో రైతు పేరు జమీందారు లెక్కల్లో ఉండేది. ఊరూరా సర్కారు సెటిల్‌మెంటు చేసింది 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే. అందుకే ఆ ఊళ్లలో చేతికి దొరికే పాత భూమి పుస్తకం 1950ల నాటి సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్. ఓడెక్కినవాడు అందులో ఉండడు. వాడి తమ్ముడి మనవడు ఉండొచ్చు, అదీ సెంటు భూమి ఉంటేనే. భూమి లేకనే కదా వీడు వెళ్లింది.

కాగితం ఆగిన చోట ఇల్లు మాట్లాడాలి. నేటాల్ తెలుగు ఇళ్లలో రామభజన నిలిచింది. 1931లో ఆంధ్ర మహాసభ పుట్టింది. భాష కరిగిపోయిన ఇళ్లలో సైతం ముసలమ్మలను అడగాల్సినవి చాలా ఉన్నాయి. ఇలవేల్పు ఎవరు? మొక్కు ఏ నెలలో తీర్చేవారు? చనిపోయిన పెద్దలకు ఏం వండి పెట్టేవారు? పెళ్లిలో గోత్రం చెప్పారా? ఏ ఇంటివాళ్లతో వియ్యం కూడదనేవారు? ఈ చివరి ప్రశ్న చాలా విలువైనది. ఫలానావాళ్లు మనకు అన్నదమ్ముల వరస అని ఒక అవ్వ చెప్పిందంటే, మరచిపోయిన ఇంటిపేరు నీడ అందులో ఉంది. ఊళ్లో పెద్దాయనకు కావలసింది అదే.

తాతలు వేరే తీరాలకు పోయినవాళ్లకు దారులు కొంచెం వేరు. మారిషస్ వలస దస్తావేజులు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నాయి. 1860ల నుంచి ఫొటోలు కూడా దొరుకుతాయి. ముత్తాత ముఖం చూడగలగడం ఎంతటి భాగ్యమో చూసినవాళ్లకే తెలుస్తుంది. ఫిజీకి 1903 నుంచి మద్రాసు ఓడలు నడిచాయి. అక్కడి వలస పాసులో దగ్గరి బంధువు పేరుకు గడి ఉంది. మన ఊళ్లలో ‘రంగం పోయాడు’ అనే మాట మాత్రం బర్మా వలసది. వాళ్ల కోసం నేటాల్ జాబితా తిరగేయడం అనవసర శ్రమ.

పని ఇటువైపే ఎక్కువ మిగిలి ఉంది. ఓడ జాబితాలు ఇంగ్లిషు అక్షరాల్లో వంకరపోయిన మన ఊళ్ల పేర్లతో పడి ఉన్నాయి. వాటిని సరిచేసి తెలుగులో రాయడం డర్బన్‌లో కూర్చున్నవాళ్ల వల్ల కాదు. అది చోడవరం, చీపురుపల్లి, పాలకొండ పరిసరాల్లో పుట్టి పెరిగినవాళ్లే చేయగలరు. మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు తాలూకాకు ఇద్దరు విద్యార్థులను పెట్టినా చాలు. ‘మా తాత తమ్ముడు ఓడెక్కి పోయాడు, మళ్లీ రాలేదు’ అన్న మాట మీ ఇంట్లో వినపడితే ఆయన పేరు, ఆయన తండ్రి పేరు, మీ ఇంటిపేరు, ఊరు, ఏ కరువప్పుడు వెళ్లాడో ఒక కాగితం మీద రాసి ఉంచండి. అటువైపు ఎవరో మిగతా వివరాలన్నీ చేతిలో పెట్టుకుని ఆ ఒక్క ఇంటిపేరు కోసమే వెతుకుతున్నారు.