అద్దాల తొట్టిలో సముద్రము



సముద్రము ప్రక్కనే యుండగా దానిని ఇంటిలోనికి తెచ్చుకొనుట యెందులకని మా యింటికి వచ్చిన బంధువులందరును అడుగుచుందురు. విశాఖపట్టణమున మా ముందుగదిలో రెండువందల లీటర్లు పట్టు అద్దాల తొట్టి యున్నది. అందులో ఉప్పునీరు, బొరియలుగల రాళ్ళు, నారింజవన్నెపై తెల్లచారలుగల చేపలు రెండు, పువ్వువలె వ్రేళ్ళు చాచి రాతిని కరచుకొనియుండు సముద్రజీవి యొకటి. చేపలు సముద్రమున పట్టినవి కావు, తొట్లలో పొదిగినవి. ముదిమిలో నాకు పట్టిన వ్యసనమిది. దీనిని గూర్చి పల్లెపెద్దలతో ప్రసంగించుట వింతగా తోచవచ్చును. కాని నన్ను బాధించిన చిక్కు మీ పశువుల కొట్టమునకును, వరిమడికిని, మంచినీటి బావికిని చుట్టమే.

తొట్టి పెట్టిన కొన్నినెలలకు అద్దములకు పచ్చని పాచి పట్టజొచ్చెను. ఉదయము తుడిచిన సాయంకాలమునకు మరల సిద్ధము. పువ్వువంటి జీవి ముడుచుకొనిపోయెను. గాజుగొట్టములో నీరు పోసి పరీక్షమందు చుక్కలు వేయగా రంగు ఎఱ్ఱగా తిరిగెను. లీటరుకు 80 మిల్లీగ్రాముల నైట్రేటు! సముద్రపు పైనీటిలో సాధారణముగా ఒక మిల్లీగ్రామైనను ఉండదు.

ఇది యెక్కడిది? చేప తిని విసర్జించునదియు, తినక మిగిలి క్రుళ్ళిన మేతయు అమ్మోనియా యగును. తెల్లవారుజామున కొట్టము తలుపు తీయగానే ముక్కునకు ఘాటుగా తగులునది అదియే. చేపకది విషము. కంటికి కానరాని సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగను, పిమ్మట నైట్రేటుగను మార్చును. ఇది ప్రాణుల పనియే యని 1877లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు శ్లోసింగ్, మ్యూంట్జ్ అనువారు చూపిరి. ఇసుకయు సున్నపురాయియు నింపిన గొట్టముగుండ మురుగునీటిని పోనిచ్చిరి. కొన్నాళ్ళకు అమ్మోనియా పోయి నైట్రేటు వచ్చెను. క్లోరోఫారము ఆవిరి తగిలింపగానే ఆ మార్పు నిలిచిపోయెను. ప్రాణములేని వస్తువునకు మత్తెక్కునా?

నైట్రేటు అమ్మోనియా యంతటి విషము కాదు. కాని తొట్టిలో దానికి బయటికి దారి లేదు. నీరు ఆవిరియై పోవును, అది మిగులును.

అందరును చెప్పు వైద్యము నీరు మార్చుట. నేను వారమునకొకసారి అయిదవవంతు తీసి, మా బావినీటిలో లీటరుకు 35 గ్రాముల చొప్పున సముద్రపు ఉప్పు కలిపి పోయుచుంటిని. రేవు దగ్గరి నీరు వానలకు మురికియగునని దానిని ముట్టలేదు. మూడునెలలు చేసితిని. లెక్క 80 వద్దనే కూర్చున్నది.

ఒకనాటి రాత్రి విసిగి, ఉప్పు కలుపకముందే బావినీటిలో చుక్కలు వేసి చూచితిని. గొట్టము ఎఱ్ఱబడెను. 60! ఇక లెక్క తానే విడివడెను. 80లో అయిదవవంతు తీసిన 64. క్రొత్తనీటితో వచ్చునది 12, మొత్తము 76. వారపు మేత చేర్చునది 4. మరల 80.

ఆ లెక్క వ్రాసిన కాగితము చేతిలో నుండగనే వంటయింటిలో పాలగిన్నె చప్పుడైనది. నాలుగు నెలల మా మనుమరాలికి డబ్బాపాలు ఆ బావినీటిని కాచియే కలుపుచుంటిమి. మనదేశమున త్రాగునీటికి హద్దు 45. ఆరునెలలలోపు శిశువుల కడుపులో నైట్రేటు నైట్రైటుగా మారి, రక్తము ప్రాణవాయువును మోయు శక్తిని చెఱచును. పెదవులు, గోళ్ళు నీలివర్ణమగును. కాచిన నైట్రేటు పోదు, నీరు తగ్గి మఱింత చిక్కబడును. ఆ పూటనుండియే ఆ నీరు మానిపించితిమి. పిల్లకేమియు కాలేదు. బావికి ఆరు గజముల దూరమున మరుగుదొడ్డి గొయ్యి త్రవ్వించినవాడను నేనే. నిందించుటకు మరియొకడు లేడు.

ఆర్.ఓ. యంత్రము నైట్రేటును చాలవరకు వడగట్టును. ఆ నీటితో ఉప్పు కలుపగా అయిదు వారములలో తొట్టి 40కి దిగెను. కాని వారమునకు 4 చేరుచుండగా అయిదవవంతు మార్పుతో 20కి తక్కువకు దిగదు, మీరును లెక్కవేసి చూడుడు. మేత సగము చేసితిని. పిల్లలు దొంగతనముగా చల్లుట మాన్పించుట అన్నిటికంటె కష్టమైనది.

తక్కినది వరిమడి నేర్పినది. నీరు నిలిచిన మడిలో బురద తీసి చూడుడు. పైన పలుచని గోధుమవన్నె పొర, క్రింద బూడిదవన్నె. పైదానికి గాలి తగులును, క్రిందిదానికి తగులదు. పైన పుట్టిన నైట్రేటు క్రిందికి ఇంకగా, అక్కడి సూక్ష్మజీవులు దానిలోని ప్రాణవాయువును లాగుకొని బ్రదుకును. విడివడిన నత్రజని ఆకాశమునకు పోవును. చల్లిన యూరియాలో కొంత యీ దారిని పోవుట రైతునకు నష్టము. నాకది లాభము. ప్రక్కన చిన్నతొట్టి పెట్టి అయిదంగుళముల సన్నయిసుక పోసి, పెద్దతొట్టి నీరు మెల్లగా దానిపై పాఱునట్లు చేసితిని. ఆ యిసుకను కలియబెట్టరాదు. క్రుళ్ళిన గ్రుడ్డు వాసనగల విషవాయువు వెడలవచ్చును. దానిపైన పీచువంటి సముద్రపు నాచు పెంచి రాత్రులు దీపము పెట్టుదును. నాచు నైట్రేటును తిని పెరుగును. వారమునకొక పిడికెడు పీకి, ఉప్పు పోవ కడిగి, మల్లెపాదులో వేయుదును.

తొట్టిలో చుక్కలకొలది సారాయి పోయువారును గలరు. నవ్వులాట కాదు. సూక్ష్మజీవులు దానిని తిని పెరుగుచు నైట్రేటును లాగుకొనును. చుక్క యెక్కువైన నీటిలో ప్రాణవాయువు తఱిగి చేపలు నోళ్ళు తెఱచును. నేనా జోలికి పోలేదు.

ఇప్పుడు తొట్టిలో 8 ఉన్నది. పువ్వు విచ్చుకొన్నది. గొయ్యి పూడ్చి దూరమున మరియొకటి త్రవ్వించి రెండేండ్లైనను బావి యింకను 52 వద్దనే యున్నది. ఆ నీటితో గిన్నెలు తోముకొనుచున్నాము. మీ బావి సంగతి తెలియగోరినచో జిల్లాలలో గ్రామీణ నీటిసరఫరా శాఖవారి ప్రయోగశాలలు గలవు. శుభ్రమైన సీసాలో లీటరు నీరు పట్టుకొనిపోయిన పరీక్షింతురు.