పసిబిడ్డ ఊపిరి – ఇంటి స్థితిగతులు

శీతకాలం ప్రవేశించగానే మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో పసిపిల్లలకు జలుబు, దగ్గు సర్వసాధారణం. వీటిలో అధికభాగం కొద్దిరోజులలో వాటంతటవే ఉపశమిస్తాయి. కాని కొందరిలో వ్యాధి ఊపిరితిత్తులలోనికి దిగి న్యుమోనియాగా పరిణమిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019వ సంవత్సరంలో ఈ వ్యాధికి బలియైన ఐదేండ్లలోపు పిల్లల సంఖ్య 7,40,180. ఒకే వాడలో, ఒకే చలిలో పెరుగుతున్న ఇద్దరు బిడ్డలలో ఒకరు త్వరలోనే కోలుకొనగా, మరొకరు ప్రాణాపాయస్థితికి చేరడానికి కారణమేమి?

‘చలి సోకింది’, ‘దిష్టి తగిలింది’ అని పెద్దలు సరిపెట్టుకొంటారు. వాస్తవానికి వ్యాధిని కలిగించేవి న్యుమోకాకస్ వంటి బాక్టీరియా, ఆర్.ఎస్.వి. వంటి వైరస్‌లు. అయితే విత్తనమొక్కటే అయినా నేలను బట్టి పైరు ఉన్నట్లు, ఈ సూక్ష్మజీవుల ప్రతాపం కూడా బిడ్డ దేహస్థితిని, ఇంటి పరిస్థితిని అనుసరించి ఉంటుంది.

మొదట దేహస్థితిని పరిశీలిద్దాం. రెండున్నర కిలోలకంటె తక్కువ బరువుతో పుట్టిన శిశువులకు, పోషకాహారం కొరవడిన పిల్లలకు ముప్పు అధికం. తల్లిపాలలో రోగనిరోధక పదార్థాలు కలవు. ఆరు మాసాలు నిండేవరకు శిశువుకు తల్లిపాలు తప్ప మంచినీరు సైతం అవసరం లేదు. అయినప్పటికీ ముర్రుపాలు పిండి పారబోసి తేనె, చక్కెరనీళ్ళు, ఘుట్టీ నాకించే ఇండ్లు నేటికీ ఉన్నాయి. ఇక టీకాలు. 6, 10, 14 వారాల వయస్సులో వేసే పెంటావలెంట్ టీకా హిబ్ అనే బాక్టీరియా నుండి, 2021లో దేశమంతటికీ విస్తరించిన పి.సి.వి. టీకా న్యుమోకాకస్ నుండి రక్షణ కల్పిస్తాయి. తట్టు సోకిన బిడ్డకు న్యుమోనియా రావడం తరచుగా జరిగేదే గనుక తట్టు టీకా కూడా ఊపిరితిత్తులకు రక్షణయే.

రెండవది ఇంటి పరిస్థితి. చెన్నైకి చెందిన కల్పనా బాలకృష్ణన్ బృందం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు జిల్లాలలో 412 గ్రామీణ గృహాలను పరిశోధించి 2004లో ఫలితాలను ప్రకటించింది. ఘనపు మీటరు గాలిలో సూక్ష్మధూళి 24 గంటల సగటు గ్యాసు వాడే ఇండ్లలో 73 మైక్రోగ్రాములు కాగా, కట్టెలు, పిడకల వంటివి వాడే ఇండ్లలో 732 వరకు ఉన్నది. పత్తికట్టె, పిడకలు మండే పొయ్యి ముందు తల్లి చంకలోని బిడ్డ ఈ గాలినే పీలుస్తుంది. బాలింత గదిలో తలుపులు బిగించి పెట్టే కుంపటి, తలంటిన తరువాత పట్టే సాంబ్రాణి పొగ, తండ్రి కాల్చే బీడీ దీనికి తోడవుతాయి. ఒకే గదిలో ఎందరో పడుకొన్నచో ఒకరి దగ్గు మరొకరికి సులభంగా సోకుతుంది.

మన దేశంతో సహా నాలుగు దేశాలలో గర్భిణుల ఇండ్లకు గ్యాసు పొయ్యిలిచ్చి జరిపిన పరిశోధన ఫలితాలు 2024లో వెలువడ్డాయి. ఆ ఇండ్లలో శిశువుల తీవ్ర న్యుమోనియా చెప్పుకోదగినంతగా తగ్గలేదు. పొగ నిర్దోషి అని దీని అర్థం కాదు. ఈ కారణాలు ఒకదానికొకటి తోడై బిడ్డను చుట్టుముడతాయి గనుక ఒక్కదానిని తొలగించి ఊరుకొంటే చాలదని గ్రహించాలి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకొన్నా వ్యాధి రావచ్చు. అప్పుడు ప్రాణం నిలిపేది సకాలంలో గుర్తింపు. బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కించాలి. రెండు నెలలలోపు శిశువుకు 60, ఆపైన ఏడాదిలోపు 50, ఏడాది నుండి ఐదేండ్లలోపు 40, లేదా అంతకు మించినచో ప్రమాదసూచన. తెలుగువారు ‘డొక్కలు ఎగరేయడం’ అనేదీ, ఉర్దూ ఇండ్లలో ‘పస్‌లీ చల్‌నా’ అనేదీ ఒకే లక్షణం. అది కనిపించినా, బిడ్డ పాలు త్రాగలేకపోయినా ఆసుపత్రికి పోవలసిందే. వాతలు పెట్టించి, మంత్రాలు వేయించి జాగు చేసే ప్రతి గంటా బిడ్డ ఆయుష్షులోనిది.

మన రాష్ట్రపు సరిహద్దున ఉన్న గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ వైద్య దంపతులు గ్రామస్థులకే ఈ గుర్తింపులో, మందు ఇవ్వడంలో శిక్షణ ఇచ్చి పిల్లల మరణాలను తగ్గించగలిగారు. ఆ ఫలితాలు 1990లో ప్రపంచానికి వెల్లడైనాయి. అక్షరజ్ఞానం అంతగా లేని పల్లెలలో సాధ్యమైనది మనకెందుకు కాదు? 2019 నుండి సూర్యాపేటలో ప్రభుత్వ వైద్యకళాశాల ఉన్నది. ఇంటింటికీ వచ్చే ఆశా కార్యకర్త ఉన్నది. విద్యార్థినీ విద్యార్థులారా! మీ ఇంట తమ్ముడో, చెల్లెలో, అక్క బిడ్డో దగ్గుతున్నప్పుడు ఆ ఒక్క నిమిషం లెక్కించే బాధ్యత చదువుకొన్న మీదే.