చేపల గంప, బడి గంట

విశాఖ పెదజాలారిపేట ఆడవాళ్లకి మనలా తీరిగ్గా తెల్లవారదు. వేలంపాట అందుకోవాలంటే చీకటితోనే ఫిషింగ్ హార్బరుకి పరుగెత్తాలి. మరి ఇంట్లో పసివాణ్ణి చూసేదెవరు? ఇంకెవరు, పెద్దకూతురే!

"ఒగ్గేసి ఎల్లకపోతే పొయ్యి ఎలగదు కదమ్మా" అంది నాతో ఒక తల్లి. ఏమని చెప్పను?

2020 జనవరిలో వచ్చిన అమ్మఒడిలో ఎందరు పిల్లలున్నా తల్లికి ఏడాదికి 15,000 రూపాయలే. అంటే ఇద్దరిలో ఒకరి లెక్కే. 2025 జూన్‌లో మొదలైన ‘తల్లికి వందనం’ చదివే ప్రతి బిడ్డనీ లెక్కేసింది. బడి నిర్వహణకి 2,000 తీసి, 13,000 తల్లి ఖాతాలో వేశారు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట ఆగిన ఇళ్లకి అది ఎంత ఆసరానో చెప్పక్కర్లేదు.

కానీ ఆ సొమ్ముకి 75 శాతం హాజరు కావాలి. అమ్మ గంప దించి వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. బడిలో పెట్టే అన్నం, గుడ్డు ఉంటే పిల్లకి ఇంట్లో పొయ్యి రాజేసే పని తప్పుతుంది. ఇక తమ్ముడు. అంగన్‌వాడీ బడి పక్కనే ఉంటే తొమ్మిదింటికి వాణ్ణక్కడ దింపి తరగతికి పోతుంది. నాలుగు వీధుల అవతలుంటే మాత్రం, ఆ పూట హాజరు పోయినట్టే.