బండి కొనేముందు టార్క్ అంకెను చదవడమెలా?

హిందూపురం, మడకశిర ప్రాంతాల కుటుంబాలు పట్టుగూళ్లు, వేరుశనగ అమ్మిన సొమ్ము కూడబెట్టుకొని బండి కొనడానికి బెంగళూరు వెళ్లడం పరిపాటి. అక్కడి షోరూముల్లో ఇచ్చే కరపత్రంలో ధర, మైలేజీలతోపాటు ‘టార్క్’ అనే అంకె ఉంటుంది. అంకె పెద్దదైతే బండి గొప్పదని పలువురు భావిస్తారు. ఆ ఒక్క అంకెనే నమ్మితే కష్టార్జితం పొరపాటు ఎంపికకు ఖర్చయ్యే ప్రమాదం ఉంది.

టార్క్ అంటే తిప్పే బలం. తిరగలి పిడి నడుమనున్న మేకుకు దగ్గరగా ఉంటే రాయి తిరగడం కష్టం; అంచున ఉంటే సులభం. బలాన్ని, ఇరుసు నుంచి దానికున్న దూరాన్ని హెచ్చించగా వచ్చేదే టార్క్. దీని కొలమానం న్యూటన్ మీటరు. అడ్డంగా పట్టిన మీటరు కడ్డీ కొసన సుమారు 2.75 కిలోల బరువు వేలాడదీస్తే 27 న్యూటన్ మీటర్ల టార్క్ కలుగుతుంది.

2021లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 గరిష్ఠ టార్క్ ఇదే. అది నిమిషానికి 4000 చుట్ల వద్ద లభిస్తుంది. అదే ఏడాది వచ్చిన యమహా ఆర్15కు 14.2 న్యూటన్ మీటర్లే, అదీ 7500 చుట్ల వద్ద. అయినా గరిష్ఠ శక్తి మొదటిదానికి సుమారు 20, రెండవదానికి 18 హార్స్‌పవర్. టార్క్, చుట్ల వేగం కలిసి శక్తిని నిర్ణయించడమే ఇందుకు కారణం. క్లాసిక్ నెమ్మదిగా తిరుగుతూనే బరువు లాగుతుంది. ఆర్15 ఇంజను వేగంగా తిరిగినప్పుడే సత్తా చూపుతుంది.

కార్లలోనూ ఇదే సూత్రం. బెంగళూరు సమీపంలోని బిడదిలో తయారైన ఇన్నోవా క్రిస్టా డీజిల్ ఇంజను 343 న్యూటన్ మీటర్లను 1400 నుంచి 2800 చుట్ల మధ్యనే అందిస్తుంది. నిండా జనంతో నంది కొండ ఎక్కేటప్పుడు ఉపకరించేది ఈ తక్కువ చుట్ల బలమే.

ఇంజను బలం నేరుగా చక్రానికి చేరదు. చిన్న గేరులో వేగం తగ్గి, చక్రం వద్ద టార్క్ పెరుగుతుంది. అందుకే ఎత్తు ఎక్కేటప్పుడు గేరు తగ్గించాలి.

విద్యుత్ స్కూటర్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. బెంగళూరుకు చెందిన ఏథర్ 450ఎక్స్ మోటారు టార్క్ 26 న్యూటన్ మీటర్లు. మోటారు కదలిక మొదలైన క్షణం నుంచే బలం ఇస్తుంది కనుక సిగ్నళ్ల వద్ద ఇటువంటి బండ్లు చురుగ్గా కదులుతాయి. అయితే కొందరు తయారీదారులు మోటారు టార్క్‌కు బదులు చక్రం వద్ద టార్క్‌ను ముద్రిస్తారు. అది సహజంగానే ఎన్నో రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. ఆ రెండు అంకెలను పోల్చడం సేరుతో సోలను పోల్చడమే.

కాబట్టి కొనుగోలుదారులు అడగవలసిన ప్రశ్నలు మూడు: టార్క్ ఎంత? ఎన్ని చుట్ల వద్ద? ఆ కొలత ఇంజను దగ్గరిదా, చక్రం దగ్గరిదా? ఆపై ఇంటిల్లిపాదిని, మూటలను మోయడానికా, ఒంటరి ప్రయాణానికా అన్నది తేల్చుకుంటే ఎంపిక సులభమవుతుంది.