దవడను తినేసిన అగ్గిపుల్ల

1845లో వియన్నా వైద్యుడు లోరిన్సర్ ఒక కొత్త జబ్బు గురించి రాశాడు. రోగులందరూ అగ్గిపుల్లల కార్ఖానాల్లో పనిచేసేవాళ్ళే. మొదట మామూలు పంటినొప్పి. పన్ను పీకించుకుంటే ఆ గుంట ఎంతకీ మానదు. చిగుళ్ళు వాస్తాయి, దవడ కింద చర్మానికి చిల్లిపడి చీము కారుతుంది. కొన్ని నెలలకు ఆ చిల్లులోంచి చచ్చిన ఎముక ముక్కలు ఊడి వస్తాయి. దగ్గర కూర్చుంటే భరించలేనంత కంపు. ఇంగ్లండు కార్మికులు దీనికి ‘ఫాసీ జా’ అని పేరు పెట్టుకున్నారు.

కారణం తెల్ల భాస్వరం. 1830ల నుంచి పుల్ల తలకు పూసే ముద్దలో దీన్ని కలిపేవారు. అలాంటి పుల్ల ఎక్కడ గీసినా అంటుకుంటుంది. గోడ మీదైనా సరే, బూటు అడుగునైనా సరే. జనానికి ఆ సౌకర్యం నచ్చింది. పుల్లలు ముంచే గదుల్లో, ఆరబెట్టే గదుల్లో లేచే ఆవిరి మాత్రం రోజంతా కూలీల నోళ్ళలోకి పోయేది. ఆ రోజుల్లో భాస్వరం తయారయ్యేది పశువుల ఎముకల నుంచే. ఎముకల్లోంచి తీసిన సరుకు తిరిగి ఎముక మీదే పడిందన్నమాట!

చికిత్స మరీ దారుణం. కుళ్ళిన ఎముకను తీసెయ్యడం తప్ప వేరే దారి లేదు. న్యూయార్క్‌లో జేమ్స్ వుడ్ అనే శస్త్రవైద్యుడు ఓ కార్ఖానా అమ్మాయికి కింది దవడ మొత్తం రెండు విడతలుగా తొలగించి, 1856లో ఆ సంగతి ప్రచురించాడు. ఎముకను అంటుకుని ఉండే పైపొరను జాగ్రత్తగా వదిలేస్తే దానిలోంచి కొంత ఎముక మళ్ళీ పుడుతుంది. అప్పటి వైద్యులకు ఉన్న ఆశల్లా అదే.

నాకు రోగం కన్నా ఘోరంగా తోచేది ఆ కాలం లెక్క. ఆవిరి చిమ్మని, విషం కాని ఎర్ర భాస్వరాన్ని ష్రోటర్ అనే రసాయనవేత్త 1840ల్లోనే తయారుచేశాడు. అదీ వియన్నాలోనే! 1855 నాటికి స్వీడన్‌లో లుండ్‌స్ట్రోమ్ సోదరులు దానితో సేఫ్టీ అగ్గిపెట్టెలు అమ్ముతున్నారు. ఇవాళ మన వంటింట్లో ఉన్నది ఆ రకమే: ఎర్ర భాస్వరం పుల్ల తలలో ఉండదు, పెట్టె పక్కన గీసే పట్టీలో ఉంటుంది. ఫిన్లాండ్ 1872లో, డెన్మార్క్ 1874లో తెల్ల భాస్వరాన్ని నిషేధించాయి. పెద్ద దేశాలు కదల్లేదు. తెల్లది చవక మరి.

1888లో లండన్‌లోని బ్రయాంట్ అండ్ మే కార్ఖానాలో సుమారు 1,400 మంది ఆడవాళ్ళూ ఆడపిల్లలూ సమ్మె కట్టారు. తక్కువ కూలి, చీటికీ మాటికీ వేసే జరిమానాలు, భాస్వరం దుమ్ము పడే చోటే కూర్చుని తినాల్సిరావడం వాళ్ళ గోడు. దాన్ని పత్రికకెక్కించింది అనీబిసెంట్. ఔను, మదనపల్లె కాలేజీ ఎవరి పేరు మీద ఉందో ఆ బిసెంటే. సమ్మె గెలిచింది, తినడానికి వేరే గది వచ్చింది. తెల్ల భాస్వరం మాత్రం ఉండిపోయింది. పదేళ్ళ తర్వాత అదే కంపెనీ 17 ఫాసీ జా కేసుల్ని దాచిపెట్టిందని బయటపడితే కోర్టు వేసిన జరిమానా పాతిక పౌన్లు, ఆపైన కొన్ని షిల్లింగులు. 1898లోనే ఫ్రాన్సులో ఇద్దరు రసాయనవేత్తలు భాస్వరాన్ని గంధకంతో కలిపి, విషం లేకుండానే ఎక్కడైనా అంటుకునే పుల్ల చేసి చూపించారు. దాంతో సాకులు అయిపోయాయి. 1906లో బెర్న్ నగరంలో నిషేధ ఒప్పందం కుదిరింది, 1913లో మన దేశంలోనూ చట్టం వచ్చింది.

ఇంతకీ దవడే ఎందుకు? మన ఎముక నిత్యం ఇల్లు మరమ్మతు చేసుకుంటున్నట్టు ఉంటుంది: కొన్ని కణాలు పాత భాగాన్ని కూలుస్తుంటే, మరికొన్ని కొత్తది కడుతుంటాయి. నమలడం వల్ల దవడలో ఈ పని మిగతా ఎముకల్లో కన్నా వేగంగా సాగుతుంది. పైగా నోటినిండా సూక్ష్మజీవులు, వాటికీ ఎముకకీ మధ్య పల్చటి చిగురు. కూల్చే కణాలు మూలపడితే దెబ్బతిన్న ఎముక అక్కడే నిలిచిపోయి, సూక్ష్మజీవులకు నెలవై కుళ్ళుతుంది.

ఈ సంగతి గట్టిగా తెలిసివచ్చింది కొత్త శతాబ్దంలోనే. 2003లో మయామీలో రాబర్ట్ మార్క్స్ అనే దంత శస్త్రవైద్యుడు, మానని గుంటలతో దవడ ఎముక బయటపడిన 36 మంది రోగుల గురించి రాశాడు. వాళ్ళెవరూ అగ్గిపుల్లలు చేసినవాళ్ళు కారు. ఎముకలకు పాకిన క్యాన్సర్‌కో, ఎముకల గుల్లబారుడుకో బిస్‌ఫాస్ఫొనేట్ మందులు వాడినవాళ్ళు. ఈ మందుల అణువులోనూ భాస్వరం ఉంటుంది. ఆ మందు ఎముకలోని కాల్షియాన్ని పట్టుకుని, కూల్చే కణాలను ఆపేస్తుంది. ఆనాటి కార్మికుల ఒంట్లో కూడా భాస్వరం ఆవిరి ఇలాంటి పదార్థంగానే మారి ఉంటుందని మార్క్స్ ఊహ.

మందు మంచిదే, విరగబోయే తుంటి ఎముకల్ని ఎన్నిటినో కాపాడుతోంది. గుల్లబారుడుకు వాడే మోతాదులో దవడకు ముప్పు చాలా అరుదు. క్యాన్సర్‌కిచ్చే పెద్ద మోతాదుల్లోనే ఎక్కువ. అందుకే ఈ రకం మందైన జోలెడ్రోనిక్ ఆసిడ్ ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు పుచ్చు పళ్ళుంటే పీకించుకుని, ఆ గుంట మానాకే రమ్మంటారు వైద్యులు.