ముంగిలి లేని మధ్యధరా ఇళ్ళు

ట్యునీషియా రాజధాని ట్యునిస్‌లోని పాతనగరాన్ని యునెస్కో 1979లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అయితే ఆ సందుల్లో నడిచేవారికి ఇళ్ళ అందం కనిపించదు. ఇరువైపులా ఎత్తయిన గోడలు, మేకులు తాపిన బరువైన తలుపులు, అంతే. తలుపు తెరిచినా లోపలి భాగం కంటబడదు. ముందుగా ‘సఖీఫా’ అనే నడవ వస్తుంది. అది మలుపు తిరుగుతుంది. ఆ మలుపే ఇంటికి పర్దా. దానిని దాటగానే వెలుగు! అదే ‘వస్తుద్దార్’, అంటే ఇంటి నడిబొడ్డు. పైన కప్పు ఉండదు. చుట్టూ ఉన్న గదులన్నీ ఆ ముంగిలివైపే తెరుచుకుంటాయి.

మధ్యధరా తీరాన వేసవి ఎండ తీవ్రం, వాన అరుదు. రాత్రివేళ ముంగిలి గచ్చూ, గోడలూ పగటి వేడిని ఆకాశంలోకి వదిలేస్తాయి. చల్లబడిన గాలి బరువెక్కి కిందికి దిగి, ముంగిట్లో నిలిచి, మెల్లగా గదుల్లోకి పాకుతుంది. పగలు మందపాటి గోడలు వేడిని త్వరగా లోపలికి రానివ్వవు. తెల్లని సున్నం ఎండను చాలావరకు తిప్పికొడుతుంది. చలికాలపు వాననీరు డాబాల మీదుగా జారి, ముంగిలి అడుగున కట్టిన తొట్టిలో నిలువ ఉంటుంది.

ఇది మనకు తెలియని విద్య కాదు. గోదావరి జిల్లాల మండువా లోగిళ్ళు, హైదరాబాదు పాత దేవిడీలు ముంగిలి చుట్టూ కట్టినవే. కాని నేడు ‘మెడిటరేనియన్ శైలి’ పేరిట మన పట్టణాల్లో లేస్తున్న కొన్ని విల్లాలను చూస్తే మాకు విచారం కలుగుతుంది. ముందు కమానులు, ఎర్ర పెంకుల అంచు, వీధివైపు నిలువెత్తు అద్దాలు ఉంటాయి. ముంగిలి మాత్రం ఉండదు. అద్దాల గుండా దూసుకువచ్చే ఎండకు ఏసీ, దారినపోయేవారి చూపులకు రోజంతా దించి ఉంచే తెర! వేలు పోసి పెట్టించిన కిటికీని మూసుకుని కూర్చోవటమేమిటి? పర్దా పాటించే ఇంట ఆ చీకటి గది భారం ఎక్కువగా మోసేది గృహిణే. ట్యునిస్ ఇల్లాలు బియ్యం ఏరుకున్నా, బిడ్డకు తల దువ్వినా ఆకాశం కిందనే చేసుకోగలదు.

నిజమే, నూటయాభై గజాల స్థలంలో విశాలమైన ముంగిలి సాధ్యం కాదు. ఒక మంచం పట్టేంత ఖాళీ అయినా వెలుతురుకు, గాలికి దారి ఇస్తుంది. ఎదురుగా మరో కిటికీ ఉంటే గాలి ఆడుతుంది. మన కోస్తా ఉక్కపోతలో నీటిచిమ్మెన వల్ల చల్లదనం పెద్దగా రాదు, ఆ ఖర్చు మానుకోవచ్చు. మన వానలు వేరు కనుక గచ్చుకు వాలు, వెడల్పయిన తూము, చూరు తప్పనిసరి. దోమలకు, దొంగలకు పైన జాలీ వేయించాలి. ఇవన్నీ మేస్త్రీ పునాదికి ముగ్గు పోయక ముందే ఇంటి ఆడవారిని కూర్చోబెట్టుకుని మాట్లాడుకోవలసిన సంగతులు.