శుభలేఖలా అచ్చయ్యే సోలార్ సెల్



ఛత్తా బజార్‌లో శుభలేఖలు స్క్రీన్ ప్రింటింగ్ చేయడం మీరు చూసే ఉంటారు. సోలార్ సెల్‌ను కూడా అలాగే అచ్చు వేయవచ్చని మీకు తెలుసా?

మన డాబాల మీది ప్యానెళ్లు సిలికాన్‌తో చేసినవి. సిలికాన్ కరగాలంటే 1,414 డిగ్రీల వేడి కావాలి. పెరోవ్‌స్కైట్ అలా కాదు, ద్రావణంలో కరిగి ఇంకులా పనిచేస్తుంది. 2009లో జపాన్‌లో చేసిన తొలి సెల్ సామర్థ్యం 3.8 శాతమే. ఇప్పుడు ల్యాబుల్లో 25 శాతం దాటింది.

ల్యాబుల్లో పై పొరకు తరచుగా బంగారం వాడతారు. దాన్ని వాక్యూమ్‌లో పూయాలి, ఖర్చెక్కువ. అందుకే సులువైన దారి కనిపెట్టారు. గాజు మీద టైటానియా, జిర్కోనియా, కార్బన్ పొరలను ఒకదానిపై ఒకటి ప్రింట్ చేసి కాలుస్తారు. చివర్లో పెరోవ్‌స్కైట్ ద్రావణం చుక్కలు వేస్తే అడుగుదాకా ఇంకిపోతుంది. బంగారం అక్కర్లేదు. మన బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ సంస్థలోనూ ఇలాంటి కార్బన్ సెల్స్‌పై పరిశోధన జరుగుతోంది.

మరి మన డాబా మీదికి ఇంకా ఎందుకు రాలేదు? తేమ తగిలితే పెరోవ్‌స్కైట్ పాడవుతుంది. పైగా అందులో సాధారణంగా సీసం ఉంటుంది. సిలికాన్ ప్యానెళ్లు పాతికేళ్లు పనిచేస్తాయి. కాబట్టి సోలార్ పెట్టించుకోవాలనుకుంటే దీనికోసం ఆగకండి.

ఈరోజు భోజనాల దగ్గర మీ పిల్లల్ని అడగండి: "వానకు పాడయ్యే సెల్‌ను నువ్వైతే ఎలా కాపాడతావు?" శాస్త్రవేత్తలు ఇంకా పూర్తి జవాబు వెతుకుతున్న ప్రశ్న ఇది.